వంత అందుకునేవాళ్లు

ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
శుక్రవారం సాయంత్రం

ప్రియమైన పాఠకులకు,

 

పోయిన నెల ఉత్తరంలో, మా రూములో శుక్రవారాలు పాటలు పాడుకుంటామని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఈసారి వచ్చిన జవాబుల్లో సగం దాని గురించే. కోరుట్ల నుంచి ఒక అక్క "ఏం పాటలు తమ్మీ, సినిమాయా, మనయా?" అని అడిగింది. ఆ "మనయా" అన్న మాట వారం రోజులు నా వెంటే తిరిగింది. డ్యూటీకి పోయే బస్సులో, స్టోరులో సిమెంటు బస్తాలు లెక్క పెడుతున్నప్పుడు కూడా అదే. అందుకని మిగతా కబుర్లు వచ్చే నెలకు ఉంచి, ఇవాళ పాట గురించే రాస్తున్నాను. మా జగిత్యాల వైపు పుట్టినవాడు పాట గురించి మొదలుపెడితే రాజకీయం రాకుండా ఉండదు. అదీ వస్తుంది.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం మా వాడ సంగతి ఒకసారి చెప్తాను. ఫరీజ్ అంటే ఇక్కడి అరబ్బీలో వాడ. మన దగ్గర సాలెవాడ, కుమ్మరివాడ అన్నట్టు ఇక్కడ వాడలకు మనుషుల పేర్లు, కుటుంబాల పేర్లు ఉంటాయి. మాది దోహా నడిమధ్యలోని పాత వాడ. గల్లీ నిండా మలయాళీలు, నేపాలీలు, బంగ్లాదేశీలు, మనవాళ్లు. కింద బకాలా అనే కిరాణా కొట్టు, పక్కన సెలూన్, పైన రూములు. మా రూములో ఆరు మంచాలు. నలుగురం తెలంగాణ, ఇద్దరు శ్రీకాకుళం. శుక్రవారం బట్టలుతికి, తలంటుకొని, బగారన్నం తిన్నాక సిరిసిల్ల పిల్లగాడు పెద్ద గిన్నె మూత బోర్లించుకుంటాడు. అదే డప్పు. షట్టరింగ్ కార్పెంటర్ పని చేసీ చేసీ వేళ్లు కాయలు కట్టాయి కదా, ఆ మూత మీద పడితే కణకణమంటుంది.

వాడు ఎత్తుకుంటాడు, మేం అందుకుంటాం. రిగ్గర్ పని చేసే శ్రీకాకుళం మామ ఎప్పుడూ అర క్షణం ఆలస్యంగా అందుకుంటాడు. మొదట్లో తప్పు పోతున్నాడనుకునేవాణ్ని. పదేళ్లు విన్నాక తెలిసింది, మేం ఆపేసిన చోట ఆయన గొంతు ఇంకా సాగుతూ ఉంటుంది కాబట్టి పాడేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక రోజు పక్క రూము మలయాళీ ఆయన తలుపు కొట్టాడు. చప్పుడెక్కువైందని చెప్పడానికి వచ్చాడేమో అనుకొని మూత పక్కన పెట్టాం. ఆయన లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుని, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. మూడో చరణానికి ఆయనా అందుకున్నాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, వంత మాత్రం తప్పలేదు.

వంత. ఈ ఉత్తరమంతా ఈ ఒక్క మాట గురించే అనుకోండి.

బుర్రకథ చూసినవాళ్లకు గుర్తుంటుంది. నడుమ కథకుడు తంబుర భుజాన వేసుకొని, చేతికి అందెలు పెట్టుకొని కథ నడుపుతాడు. అటొకరు, ఇటొకరు గుమ్మెటలు వాయించే వంతలు. ఆ ఇద్దరిలో ఒకరిని హాస్యం అంటారు, ఇంకొకరిని రాజకీయం అంటారు. రాజకీయం చెప్పే వంత పాత కథ మధ్యలో ఆగి, ఇవాళ ఊళ్లో పన్ను సంగతేమిటి, దొర సంగతేమిటి, రేషను బియ్యం ఎటు పోయాయి అని అడుగుతాడు. మన పెద్దలు ఎంత ఆలోచించి ఆ ఏర్పాటు చేశారో చూడండి. రాజకీయం మాట్లాడే పని నడుమ నిలబడ్డ కథకుడికి కాకుండా పక్కనున్న వంతకు అప్పజెప్పారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, అందులోంచి వచ్చిన షేక్ నాజర్ గారు ఆ ఏర్పాటుని ఎంత పదునుగా వాడారంటే, అక్కడ మద్రాసులో తెల్లవాళ్ల ప్రభుత్వమూ, మన దగ్గర నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి. తంబురను చూసి భయపడ్డారనుకోను. కథ చెప్పేవాడొకణ్ని పట్టుకొని లోపలేస్తే పోయేదే కదా. పొద్దున లేచి వెయ్యిమంది అదే వంత పాడుకుంటూ పొలం పోతే ఎవరిని పట్టుకుంటారు?

అయితే మన భాషలో ఈ మాట చెడిపోయింది. ఫలానా ఆయన మంత్రిగారికి వంత పాడుతున్నాడు అంటే ఇవాళ తిట్టు. ఎంతో మంచి మాటకు ఆ గతి పట్టినందుకు నాకు బాధగా ఉంటుంది. కానీ ఆ తిట్టులో ఒక నిజం కూడా ఉంది. వంత ఎవరికోసం పాడుతున్నామన్నది కూలివాడికీ ముఖ్యమే, కవికీ ముఖ్యమే.

దీనికి సంబంధించి నేను ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే, మా వాడ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ముషేరిబ్‌లో. అక్కడ నాలుగు పాత ఇళ్లను మ్యూజియంలుగా మార్చారు. ఒకటి బిన్ జెల్మూద్ ఇల్లు. ఒకప్పుడు బానిసల వ్యాపారం చేసినవాడి ఇల్లు అది. ఇప్పుడు బానిసత్వం చరిత్రను దాచకుండా చెప్పే మ్యూజియం. ఖతార్‌లో 1952లో బానిసత్వం రద్దయింది. అంటే మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాటం ఆగిన మరుసటి ఏడాది. ఆ గదుల్లో తిరుగుతుంటే మా తాత చెప్పిన వెట్టి కథలు గుర్తొచ్చి కాసేపు బయటకు వచ్చి కూర్చున్నాను.

నూనె దొరకక ముందు ఈ దేశం ముత్యాల మీద బతికింది. ఎండాకాలం నాలుగు నెలలు పడవలు సముద్రంలోనే. మునిగేవాళ్లు, తాడు లాగేవాళ్లు, నఖుదా అనే పడవ పెద్ద. వీళ్లతోపాటు నహ్హామ్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన పని పాడటం. లంగరు ఎత్తడానికి ఒక పాట, తెరచాప కట్టడానికి ఒకటి, తెడ్లు వేయడానికి ఇంకొకటి. మంచి గొంతున్న నహ్హామ్ కోసం పడవ పెద్దలు పోటీపడేవాళ్లట. ఆయన పైన ఎత్తుకుంటే, పడవలో అందరూ కింద, కడుపులోంచి, బావిలో రాయి దొర్లినట్టు ఒక ఝుంకారం అందుకుంటారు. దోహాలోని కతారాలో ఏటా పాత పడవల ఉత్సవం జరుగుతుంది. అక్కడ విన్నాను నేను. ఒళ్లు జలదరించింది. మునిగేవాళ్లలో చాలామంది పడవ పెద్దకు అప్పులో ఉండేవాళ్లు. సీజను ముందు తీసుకున్న అడ్వాన్సు తీరేది కాదు, మళ్లీ ఏడాది అదే పడవ. ఏజెంటు అప్పు మెడకు వేసుకొని విమానం ఎక్కినవాళ్లం మాకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

నహ్హామ్ పాట ఎవరిది మరి? జీతమిచ్చింది నఖుదా. పాటతో తాడు తొందరగా వస్తే లాభం నఖుదాది. కానీ ఆ కింది ఝుంకారం తాడు లాగేవాళ్లది, అందులో వాళ్ల ఒంటి నొప్పి, ఇంటి దిగులు ఉన్నాయి. మన నాట్ల పాటలూ అంతే. దొర పొలంలో వంగి నాటేవాళ్లు పాడుతుంటే పని సాగుతుందని గట్టు మీద నిలబడ్డవాడికీ ఇష్టమే. సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు, బండి యాదగిరి వంటివాళ్లు చేసిన గొప్ప పని ఏమిటంటే, కొత్త రాగాలు వెతుక్కోలేదు. జనం నోట్లో అప్పటికే నానుతున్న పని పాటను, గొల్ల సుద్దులను తీసుకొని మాటలు మార్చారు. వంత ఎక్కడ అందుకోవాలో పిల్లలకు కూడా తెలుసు. నిన్నటి దాకా దొర పని లాగిన వంత మర్నాటి నుంచి సంఘం పని లాగింది. యాదగిరి కట్టిన బండ్ల పాటను తర్వాత "మా భూమి" సినిమాలో గద్దర్ పాడాడు. నిజాం మీద కట్టిన పాట నిజాం పోయిన మూడు దశాబ్దాలకు మళ్లీ కొత్త దొరల మీద పనికొచ్చింది.

గద్దర్ గురించి ఒక మధ్యాహ్నం చెప్పాలి మీకు. 2023 ఆగస్టు 6, ఆదివారం, గద్దర్ పోయిన రోజు. ఇక్కడ ఆదివారం పని రోజు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. కాబట్టి సైటులో అందరం షెడ్డు కింద పడుకొని ఉన్నాం. తడి తువ్వాలు మొహం మీద, బూట్లు తల కింద. ముందు ఒక ఫోను మోగింది, తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా అన్నీ. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. మెదక్ ఆయన ఒకరు లేచి కూర్చుని తువ్వాలు భుజాన గొంగడిలా వేసుకున్నాడు. గద్దర్ పుట్టిన తూప్రాన్ పక్క ఊరే ఆయనది. పాట మొదలుపెట్టలేదు. పల్లవికి ముందు గద్దర్ తీసే ఆ ఒక్క కేక, మాటలేం ఉండవు అందులో, అది మాత్రం తీశాడు. షెడ్డు చివర నుంచి ఎవరో అందుకున్నారు. అందుకున్నది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. నేపాలీ కుర్రాళ్లు లేచి చూశారు. అంతే, రెండు నిమిషాలు కూడా ఉండదు. 3:30కి విజిల్ వేశారు, పైకెక్కాం.

గద్దర్ వెన్నులో 1997 ఏప్రిల్ 6న దిగిన తూటా చివరిదాకా అలాగే ఉంది. పాటకు ఎంత ఖరీదు కట్టారో చెప్పడానికి అది చాలు. అంతకన్నా ఎక్కువ ఖరీదు చెల్లించింది బెల్లి లలిత. భువనగిరి గడ్డ మీద తెలంగాణ కోసం పాడిన పిల్ల. 1999లో ముక్కలు చేసి చంపారు. ఇంకా వెనక్కి పోతే గరిమెళ్ల సత్యనారాయణ, తెల్లదొరతనం మీద కట్టిన ఒక్క పాటకు జైలు. బయటికొచ్చి మళ్లీ పాడాడు, మళ్లీ జైలు. ఖతార్‌లోనూ ఆ చరిత్ర ఉంది. మహమ్మద్ అల్ అజమీ అనే కవికి ఒక పద్యం మీద 2012లో యావజ్జీవం వేశారు, తర్వాత 15 ఏళ్లకు తగ్గించారు, 2016లో క్షమాభిక్ష పెట్టి వదిలారు. లోకమంతటికీ తెలిసిన సంగతే కాబట్టి రాస్తున్నాను.

పాటను ప్రభుత్వాలే ఆయుధంగా పట్టుకున్న రోజులు కూడా ఇక్కడే చూశాను. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సరిహద్దు మూశారు. వారం తిరక్కుండా మా బకాలాలో సౌదీ పాల డబ్బాల చోట టర్కీ డబ్బాలు వచ్చాయి, మీద అక్షరాలు ఎవరికీ అర్థం కాలేదు, పాలు పాలే. సెప్టెంబరులో సౌదీ నుంచి ఒక పాట వచ్చింది. ఖతార్‌కు తెలియజెప్పు అన్న అర్థంలో దాని పేరు. రాసింది రాజదర్బారు సలహాదారు తుర్కీ అల్ షేక్. పాడింది మహమ్మద్ అబ్దూ, రాషెద్ అల్ మాజెద్ లాంటి మహా గాయకులు, అందరూ కలిసి. మహమ్మద్ అబ్దూ అంటే ఇక్కడి టాక్సీల్లో, కాఫీ కొట్లలో మనకు ఘంటసాల లాంటివాడు. ప్రేమ పాటలతో ఈ ఖతరీలను పెంచిన గొంతు. మా కంపెనీ డ్రైవరు, సూడాన్ మనిషి, ఆ వారం ఆయన పాటల క్యాసెట్ తీసి డాష్‌బోర్డులో పెట్టేశాడు. మూడున్నరేళ్ల తర్వాత, 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది. దర్బారులు కలిశాయి, సరిహద్దు తెరిచారు. పాత ప్రేమ పాటలు మళ్లీ టాక్సీల్లో వినబడుతున్నాయి. ఆ 2017 పాటను మాత్రం ఒక్క మనిషి నోట కూనిరాగంగా కూడా నేను వినలేదు. అంతమంది గొప్పవాళ్లు పాడినా వంత అందుకోవడానికి జనానికి అందులో చోటు పెట్టలేదని నాకనిపిస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. 2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమ పాటల సభ ధూంధాం మొదలైనప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. స్టేజీ మీద ఎంతమంది ఉన్నారో కింద అంతమంది పాడేవాళ్లు. పాట అయ్యాక నాయకుడి ఉపన్యాసం మొదలైతే జనం లేచి పోయేవాళ్లు, అందుకని ఉపన్యాసాలను పాటల మధ్యలో ఇరికించేవాళ్లు. వలస మీద, బొంబాయి బస్సు మీద, దుబాయి మీద కట్టిన పాటలకు మా ఊరి ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చారు. 2009లో నేనూ విమానం ఎక్కాను. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి ఇదే వాడలో, ఇదే రూములో, గొంతులు తగ్గించి తెల్లారేదాకా పాడాం.

రాష్ట్రం వచ్చాక పాట ఉద్యోగంలో చేరింది. తెలంగాణ సాంస్కృతిక సారథి అని పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు. దీన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు, నేను చేయను. గజ్జె కట్టి ఊరూరా తిరిగినవాడికి నెల మొదట్లో బియ్యం దొరకడం మంచి మాటే. ఆకలికి చచ్చిన కళాకారులను మనం తక్కువమందిని చూశామా? కానీ నా మనసులో మాట చెప్పాలి. జీతమిచ్చే ప్రభుత్వం పథకాల గురించి పాడుతున్నప్పుడు ఆ గొంతులు నాకు స్టేజీ మీదే ఆగిపోయినట్టు వినిపించాయి. బుర్రకథలో రాజకీయం చెప్పే వంతను తీసి పక్కన కూర్చోబెట్టి, కథకుడొక్కడితో కథ నడిపినట్టు అనిపించింది. నహ్హామ్‌కు జీతం పెరిగింది, పడవలో ఝుంకారం తగ్గింది.

అందెశ్రీ గారి పాట సంగతి కూడా ఇందులో భాగమే. గొర్లు కాసి, తాపీ పని చేసి, బడికి పోకుండా కవి అయిన మనిషి. ఉద్యమంలో ప్రతి బడిలో, ప్రతి సభలో "జయ జయహే తెలంగాణ" పాడారు. అయినా రాష్ట్రం వచ్చాక పదేళ్లు దానికి ప్రభుత్వ ముద్ర పడలేదు. ప్రభుత్వం మారాక, 2024 జూన్ 2న కీరవాణి సంగీతంతో రాష్ట్ర గీతమైంది. అప్పుడు మళ్లీ, సంగీతం మనవాళ్లతో చేయించక ఆంధ్ర ఆయనతో ఎందుకు చేయించారని గొడవ. మా రూములోనూ వాదన జరిగింది. శ్రీకాకుళం మామ చాలాసేపు విని, "ఆయన తాపీ మేస్త్రీ గదా. మరి మనమందరం కట్టుబడి పనోళ్లమే. పాట మనది" అన్నాడు. దాని మీద ఇంక ఎవరం మాట్లాడలేదు. 2025 నవంబరు 10న అందెశ్రీ పోయినప్పుడు మా మేస్త్రీలు తాపీలు కడిగి వరసగా పెట్టి ఫోటో తీసుకున్నారు.

మామ అలా అనడం వెనక ఆయన గాయం ఒకటి ఉంది. పార్వతీపురం వైపు చిన్నప్పుడు వంగపండు ప్రసాదరావును రెండడుగుల దూరంలో చూశాడట. శ్రీకాకుళం పోరాటం మీద వంగపండు కట్టిన పాట పల్లవి 2009లో "మగధీర" సినిమాలో హీరో హీరోయిన్ల డ్యాన్సు పాటగా వచ్చింది. అప్పుడు మామ ఇక్కడే ఉన్నాడు. బస్సులో ఒక కుర్రాడి ఫోనులో ఆ పల్లవి విని లేచి నిలబడ్డాడట. "సంబరమూ వచ్చింది, కడుపులో తిప్పినట్టూ అయింది" అంటాడు. ఇప్పుడు మా రూములో ఆ పాట వస్తే పిల్లగాళ్లు సినిమా ఊపుతో మొదలుపెడతారు. మామ ఆలస్యంగా అందుకొని దాన్ని నెమ్మదిగా వెనక్కి, కొండల్లోకి లాక్కుపోతాడు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఇది 2012 నాటిది. అప్పుడు నేను వాడలో కాదు, ఊరి బయట క్యాంపులో ఉన్నాను. కంపెనీ పేరు వద్దు. మూడు నెలలు జీతాలు రాలేదు. అప్పట్లో జీతం చేతికే ఇచ్చేవాళ్లు. కచ్చితంగా బ్యాంకులో వేయాలన్న పద్ధతి 2015లో వచ్చింది. ఇక్కడ మాకు యూనియన్ ఉండదు, సమ్మె చేయకూడదు. ఊళ్లో ఎన్నికలొస్తే ఓటు పేరు మీద ఉంటుంది కానీ టికెట్ పెట్టుకొని పోయి వేస్తేనే. అంటే మా మాటకు ఎక్కడా పెట్టె లేదు. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఒక్కడే పోతే పేరు పడుతుందని భయం. ప్రతివాడూ పక్కవాడు పోతే బాగుండునని ఎదురుచూస్తున్నాడు.

ఒక రాత్రి మెస్సులో పప్పు, ఖుబ్బూస్ రొట్టెలు. ఎవరికీ మాట లేదు, పళ్లేల చప్పుడే. సిద్దిపేట మేస్త్రీ ఒకాయన పళ్లెం ముందుకు నెట్టి గూడ అంజయ్య పాట ఎత్తుకున్నాడు. ఊరు మనదని, కష్టం మనదని చెప్పే పాట, మీకు తెలుసు. గట్టిగా కూడా కాదు, తనలో తాను పాడుకుంటున్నట్టు. మొదటి చరణం ఒక్కడే పాడాడు. రెండో పల్లవికి నలుగురు. తర్వాత నాకు గుర్తున్నది బల్ల మీద అరచేతుల చప్పుడు. బిహారీలు, రాజస్థాన్ వాళ్లు, పాట అర్థం కానివాళ్లు కూడా కొడుతున్నారు. పాట అయిపోయింది. మళ్లీ ఎవరి పళ్లెం వాళ్లు తీసుకొని కడుక్కున్నారు. కడుగుతున్నచోట, కొళాయి దగ్గర, ఎవరో "పొద్దుగాల ఎన్ని గంటలకు?" అన్నారు. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. పొద్దున 41 మందిమి కలిసి పోయాం. జీతాలు ఒకేసారి రాలేదు, రెండు విడతల్లో, నానా తిప్పల తర్వాత వచ్చాయి. పాట వల్ల వచ్చాయని నేను చెప్పను. 41 మందిని ఒకే వేళకు గేటు దగ్గర నిలబెట్టింది మాత్రం ఆ వంతే. నేను కళ్లారా చూశాను.

ఎన్నికలప్పుడు మీరంతా ఫోనుకు పంపే పార్టీ పాటలు మాకు అందుతూనే ఉంటాయి. బీటు బాగుంటుంది, పిల్లగాళ్లు రెండు రోజులు డ్యాన్సు చేస్తారు. ఎలక్షన్ రిజల్టు వచ్చాక ఫోనులో జాగా కోసం తుడిచేస్తారు. అంజయ్య పాటను తుడిచినవాణ్ని చూడలేదు.

కోరుట్ల అక్కా, నువ్వు అడిగిన "మన పాటలు" ఇవే. నీకొక చిన్న పని అప్పజెప్తున్నాను, చదివే మిగతావాళ్లకు కూడా. మీ అమ్మలు, అత్తలు నాట్లప్పుడు, కలుపు తీసేటప్పుడు పాడినవి ఫోనులో రికార్డు చేసి పంపండి. ఎత్తుకునే గొంతు ఒక్కటే వద్దు. పక్కన ఎవరు అందుకునేవాళ్లో వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టుకొని పాడించండి. వాళ్లలో ఎవరైనా పోయి ఉంటే ఆ జాగా ఖాళీగా వదిలి పాడమనండి. ఇక్కడ మేం నింపుకుంటాం.

మామ డ్యూటీ నుంచి వచ్చాడు, మెట్ల మీద దగ్గు వినబడుతోంది. సిరిసిల్ల పిల్లగాడు గిన్నె మూత తుడుస్తున్నాడు. వచ్చే నెల రాస్తాను.

మీ
ఫరీజ్ అబ్దుల్ అజీజ్ తమ్ముడు